ఇరవైమూడో జబ్బు

సంవత్సరం 61, దినం 211

నా పేరు అడపా సుభాషిణి. దక్షిణ లోయ రాష్ట్రంలో మందుల మండలికి నిరాకరణ చదువరిని. ఎవరైనా మందు కోసం దరఖాస్తు పెట్టుకుంటే, మండలి కాదంటే, ఆ కాదన్న కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, గట్టిగా చదివి వినిపించడం నా ఉద్యోగం. విన్నవాళ్లు నోటితో "విన్నాను" అనాలి. అప్పుడుగానీ నిరాకరణ చెల్లదు. వాళ్లు అనేదాకా నేను ఆ ఇంటి గడప దాటకూడదు. ఆ ఇంట్లో చూసిందంతా ఈ పుస్తకంలో చేత్తో రాయాలి.

బయటి రాష్ట్రాలవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మన రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో నిరాకరణలు తెర మీద వచ్చేవట. మంచు తవ్వే ఒకాయనకు పదకొండుసార్లు తెర మీద "కాదు" అని వచ్చింది. ఎవరు కాదన్నారో, ఎందుకు కాదన్నారో చెప్పే మనిషి లేడు. పన్నెండోసారి అడగడానికి ఆయనే లేడు. ఆ ఏడాదే చట్టం మార్చారు. కాదన్నవాళ్లు మనిషిని పంపాలి, ఆ మనిషి రోగి కళ్లలోకి చూసి చదవాలి. నాకు ఈ చట్టమంటే ఎంత గౌరవమంటే, మావారు బతికున్న రోజుల్లో "నీకు పెళ్లయింది చట్టంతోనే, నేను మధ్యలో వచ్చాను" అని వేళాకోళం చేసేవారు.

ఈరోజు కాగితం గుమ్మళ్ల నూకరత్నం పేరు మీద ఉంది. నలభై నాలుగేళ్లు, వయసులకు మనం ఇంకా భూమి లెక్కే వాడతాం. మూడో సొరంగం పైకప్పు అతుకులు వెల్డింగ్ చేసే మనిషి. మనం పీల్చే గాలి కారిపోయి అంగారకుడి ఎడారిలో కలిసిపోకుండా ఉందంటే ఇలాంటివాళ్ల చేతి చలవే. ఆమె అడిగింది గంజాయి నూనె. జనం ఆకు నూనె అంటారు. మన చట్టం ప్రకారం ఆ నూనె ఇరవైరెండు జబ్బులకే ఇస్తారు. ఆ జాబితా భూమి నుంచి మొదటి ఓడలో వచ్చింది. నూకరత్నానిది బిగుసు జబ్బు. అది భూమ్మీద లేదు, ఇక్కడే పుట్టింది. పైకప్పు దగ్గర చలిలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు కండరాలు కొయ్యలా బిగుసుకుపోతాయి. పాదాలతో మొదలై పైకి పాకుతుంది. పోయిన ఏడు ఒకాయనకు ఛాతీ దాకా వచ్చి, ఊపిరాడక చనిపోయాడు. అది జాబితాలో లేదు కాబట్టి మందు లేదు. కాగితంలో కారణం ఒకటే వాక్యం: "ఈ జబ్బుకు ఈ మందు పనిచేస్తుందనడానికి ఆధారం లేదు."

తలుపు తీసింది నూకరత్నం తమ్ముడు వరహాలు. సొరంగం క్యాంటీన్‌లో వంట మాస్టరు. నన్ను చూడగానే మొహం వాడిపోయింది.

"రాండమ్మగోరూ. ఔనంటే కాయితం తపాలాలో వచ్చీది. మీరొచ్చేరంటేనే తెలిసిపోనాది. కూకోండి, కాళ్లు నొప్పెట్టుంటాయి."

నూకరత్నం లోపలి గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. నడుము కింద కదలిక లేదు. రెండు పిడికిళ్లూ మూసుకుపోయి ఉన్నాయి. కళ్లు మాత్రం మహా చురుకు.

"సదివీయండమ్మా," అంది. "మళ్లీ మీకు ఇంటికెల్లడానికి ఆలీసమైపోతాది."

మొదలుపెట్టాను. రెండో పేరాలో ఉండగా ఆమె మెడ నరం ఉబ్బింది. పళ్లు టక్కున కలిసిన చప్పుడు నాకు వినిపించింది. అయినా ఆపలేదు, మధ్యలో ఆపకూడదు కాబట్టి. చివరి వాక్యం చదివి, కాగితం దించి, "విన్నారా అమ్మా?" అన్నాను.

ఆమె నోరు తెరుచుకోలేదు. దవడ బిగుసుకుపోయింది.

దినం 212

రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. తల ఊపితే చెల్లదు. వేలిముద్ర చెల్లదు. పూర్వం కొందరు ఉద్యోగులు స్పృహలేని రోగుల చేత వేలిముద్రలు వేయించుకున్నారని ఆ దారులన్నీ మూసేశారు. నోటిమాట ఒక్కటే దారి, ఆ నోరేమో మూతపడింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నాకిలాంటి చిక్కు రాలేదు.

పొద్దున్నే డాక్టర్ రెహానా వచ్చి నూకరత్నం ముక్కులో సన్నటి గొట్టం పెట్టింది. ఇకనుంచి గంజి అందులోంచే పోయాలి. బయటి గదిలోకి వచ్చాక నాతో గొంతు తగ్గించి మాట్లాడింది.

"తర్వాత ఛాతీయే. వారం పట్టొచ్చు, ఇంకా తొందరగానే రావచ్చు."

"దవడ ఎప్పటికి వదులుతుంది డాక్టరుగారూ?"

"దానంతటది వదలడం నేనెప్పుడూ చూడలేదు."

"ఆకు నూనె ఇస్తే?"

"వదులుతుందనే నా నమ్మకం. ఉత్తర లోయ రాష్ట్రంలో జాబితా లేదు, డాక్టరు సంతకం చాలు. అక్కడ ఈ జబ్బు ఇద్దరికి తగ్గిందని విన్నాను. కానీ తొమ్మిది రోజుల బండి ప్రయాణం, ఈ మనిషి తట్టుకోలేదు. అక్కడి నూనె ఇక్కడికి తెద్దామంటే సరిహద్దు దాటనివ్వరు."

"ఇక్కడే జాబితాలో చేర్చమని అడగొచ్చుగా? దానికీ ఒక నిబంధన ఉంది."

రెహానా నా వైపు జాలిగా చూసింది. "ఉందండీ. ఈ మందు ఈ జబ్బుకు పనిచేయడం మండలి ఉద్యోగి కళ్లారా చూసి రాయాలి. చూడాలంటే మందు ఇవ్వాలి. ఇవ్వాలంటే జాబితాలో ఉండాలి. మీరు చదివే చట్టమే కదా."

ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. ఈ ముడి మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ కనపడలేదు. నాకు సిగ్గేసింది.

మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక వాళ్ల గాలి జల్లెడ విప్పి దులిపాను. చేటెడు ఎర్రదుమ్ము రాలింది. మా సొరంగంలో ఇంత దుమ్ము ఉండదు. ఇక్కడ పైకప్పు పాతది. అతుకులు వేసే మనిషి మంచం పట్టి నాలుగు నెలలైందని వరహాలు చెప్పాడు.

దినం 213

ఇది రాయడం ఇష్టం లేదు. రాస్తున్నాను.

నాకు ఆకు నూనె కార్డుంది. జాబితాలో తొమ్మిదో జబ్బు నాది. ఆరేళ్ల క్రితం క్యాన్సర్ మందులు ప్రాణం నిలబెట్టి నరాలను కాల్చేశాయి. అరికాళ్లు, చేతివేళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. పొద్దున ఐదు చుక్కలు, సాయంత్రం ఐదు చుక్కలు ఆకు నూనె నాలుక కింద వేసుకుంటేనే నడవగలను, పెన్ను పట్టగలను. ఏ నూనె నూకరత్నానికి లేదని చదివానో, ఆ నూనె సీసా నా చేతిసంచిలోనే ఉంది.

రెండు రోజులుగా స్నానాల గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని వేసుకుంటున్నాను. ఈరోజు బయటికి రాగానే వరహాలు గుమ్మం పక్కన తువ్వాలు ఆరేస్తూ కనిపించాడు. వంట మాస్టరు ముక్కు, దాని నుంచి ఏది దాగుతుంది!

"దాసుకోకండమ్మగోరూ," అన్నాడు. "ఇక్కడ కూకుని యేసుకోండి. మీ జబ్బు జాబితాలో ఉంది, మా అక్కది నేదు. అది మీ తప్పేటి?"

తిట్టినా బాగుండేది. ఆ మంచి మాటకు నా ప్రాణం చచ్చిపోయింది.

పొద్దుపోక ఈ మధ్యాహ్నం నూకరత్నానికి, ఆ నూనె మొక్కలు పెంచే ఆకుల గది సంగతి చెప్పాను. కార్డు వచ్చిన కొత్తలో రోగులను ఒక్కసారి లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. వాసన ఊరిమీదికి రాకుండా మూడు తలుపులు దాటిస్తారు. మూడోది తెరవగానే నేను నోరెళ్లబెట్టాను. ఇక్కడ బరువు తక్కువ కదా, భూమ్మీద మనిషెత్తు పెరిగే మొక్క ఇక్కడ మూడంతస్తుల ఎత్తుంది. తల ఎత్తితే మెడ పట్టేసింది. ఊదారంగు దీపాల కింద ఆకులన్నీ మెల్లగా ఊగుతున్నాయి. మనమందరం వదిలిన ఊపిరినే గొట్టాల్లో తెచ్చి వాటికి పెడుతున్నామని తోటమాలి చెప్పాడు. ఊరంతటి ఊపిరి తాగి ఆ చెట్లు అంతయ్యాయి! అక్కడే ఏడ్చేశాను, ఎందుకో ఇప్పటికీ తెలియదు. నూనె ఆకుల నుంచి, పూల నుంచి వస్తుంది. కాడల నారతో కాగితం చేస్తారు. మండలి కాగితాలన్నీ, ఈ పుస్తకంతో సహా, ఆ కాగితమే.

చెప్పడం అయ్యాక చూస్తే నూకరత్నం కళ్లు నా ఒళ్లో ఉన్న నిరాకరణ పత్రం మీద నిలిచాయి. దాన్ని మడిచి సంచిలో పెట్టేశాను.

దినం 215

నిన్న రాయలేదు. నిన్నంతా ఆమె ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. నిమిషానికి పద్దెనిమిది. ఈరోజు మధ్యాహ్నానికి ఇరవైఆరు. కొద్దికొద్దిగా పీలుస్తోంది. వీపు మీద చెయ్యి వేస్తే బల్ల మీద వేసినట్టే ఉంది. మనిషి శరీరం ఇంత గట్టిపడుతుందని చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఆ గట్టిదనం లోపల మెత్తగా, తెలివిగా, అన్నీ వింటూ ఒక మనిషి ఉందని తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తోంది.

వరహాలు గంజి పోస్తూ ఆమెతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. క్యాంటీన్‌లో ఎవరు ఎవరితో తగువుపడ్డారు, పులుసు ఎందుకు మాడింది, అన్నీ. ఆమె కళ్లతో నవ్వుతోంది. అది చూసి వంటింట్లోకి వచ్చి గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

"అమ్మగోరూ, ఛాతీకొచ్చేత్తే ఏటౌతాదో నాకు తెలుసు. పోనేడు పోనాడే, ఆడు నా నేస్తం. ఆడి పక్కన నానే ఉన్నాను."

నా మనసులో చట్టం పుట తెరుచుకుంది. కార్డున్న రోగి తన మందు ఇంకొకరికి ఇస్తే కార్డు ఏడాది రద్దు. ఉద్యోగి అయితే ఉద్యోగమూ పోతుంది. మన ఏడాది అంటే ఆరువందల అరవైతొమ్మిది రోజులు. అన్ని రోజులు నూనె లేకుండా నా కాళ్ల మీద నేను నిలబడలేను. భయపడుతున్నాను. పిరికిదాన్నని ఇన్నాళ్లూ తెలియదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు కాబట్టి.

దినం 216

చూసింది చూసినట్టు రాస్తున్నాను, వేళలతో సహా.

పొద్దున ఎనిమిదీ పదికి నా ఐదు చుక్కలు వేసుకోవడానికి సీసా తీశాను. నూకరత్నం పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి నిమిషానికి ముప్పైనాలుగు. ఎదురుగా కూర్చున్న నేను నా నాలుక కింద వేసుకోలేకపోయాను. ఏదో గొప్ప నిర్ణయం తీసుకున్నానని ఎవరూ అనుకోవద్దు. చెయ్యి నా నోటి దగ్గరికి రాలేదు, అంతే. "నూకరత్నం, వేయమంటావా? వేయమంటే రెండుసార్లు రెప్ప వెయ్యి," అన్నాను. రెండుసార్లు వేసింది. ఆమె బుగ్గ పక్కకు లాగి, పళ్లకూ బుగ్గకూ మధ్య ఐదు చుక్కలు వేశాను. వరహాలు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు. చేసింది నేను, అతను కాదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను.

ఎనిమిదీ ఇరవై. ఏమీ లేదు.

ఎనిమిదీ ఇరవైఆరు. ఎడమ పిడికిలి బొటనవేలు కదిలింది.

ఎనిమిదీ ఇరవైతొమ్మిది. చూపుడువేలు విడింది. తర్వాత మధ్యవేలు. నాలుగు నెలలుగా మూసి ఉన్న అరచెయ్యి లోపల చర్మం పసిపిల్లల చర్మంలా తెల్లగా, తడిగా ఉంది. గోళ్లు దిగిన గుంటలు నాలుగు కనిపించాయి. వరహాలు కింద కూలబడ్డాడు. నేను గడియారం చూడటం మరిచిపోయి దేవుడా, దేవుడా అంటున్నాను. దేవుడి పేరు ఎత్తి చాలా ఏళ్లైంది.

ఎనిమిదీ ముప్పైనాలుగు. మెడ నరం దిగింది. ఛాతీ నిండా ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి చప్పుడు గదంతా వినిపించింది. కింది దవడ ఒక్కసారి వేలాడి, మళ్లీ సర్దుకుంది. నాలుక తడుపుకుని, నా కళ్లలోకి చూసి, బొంగురుగొంతుతో ఒక మాట అంది.

"విన్నాను."

నేను నెత్తి కొట్టుకున్నాను.

"అయ్యయ్యో, ఎంత పని చేశావమ్మా! ఆ మాట అంటే నిరాకరణ పూర్తైపోయినట్టే! నోరు విడగానే ఇంకేమీ దొరకలేదా నీకు?"

"ఆర్రోజులైపోనాది," అంది నూకరత్నం. "మీ ఇల్లు మీరు సూసుకోనేదు. నా మాట కోసమే కదమ్మా, ఇక్కడ నేలమీద తొంగుంటన్నారు. ఎల్లిపోండింక. కాళ్లు మంటలని తమ్ముడు సెప్పేడు."

ఆరు రోజులు నోరు మూతపడి, ఊపిరి అందక, ఆ మనిషి నన్ను ఎలా ఇంటికి పంపాలా అని ఆలోచించింది. ఆ క్షణం నాకు కలిగిన ఆశ్చర్యం ఆకుల గదిలో కలిగినదానికంటే పెద్దది. ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాను. ఆ కాళ్లు మెత్తబడుతున్నాయని అప్పుడే తెలిసింది.

చట్టప్రకారం నిరాకరణ పత్రం కింద "రోగి విన్నది" అని రాసి సంతకం పెట్టాలి. కళ్లు తుడుచుకుని పత్రం తీశాను. సంతకం పెట్టే చోటికి సరిగ్గా పైన ఉంది ఆ వాక్యం: ఈ జబ్బుకు ఈ మందు పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. నోరు విడితేగానీ విన్నానని అనలేదు. మందు పనిచేస్తేగానీ నోరు విడలేదు. ఆమె విన్నట్టు సంతకం పెడితే, పైన రాసింది అబద్ధమని నేనే సాక్ష్యం పెట్టినట్టు! పిచ్చిదానిలా నవ్వేశాను. వరహాలు భయపడ్డాడు. సంతకం పెట్టాను, వేళ కూడా వేశాను.

అదే రోజు, తరువాయి

పదకొండు గంటలకు మండలి అధ్యక్షుడు తోట భీమేశ్వరం గారి ముందు ఈ పుస్తకం, పత్రం, నా సీసా పెట్టాను. ఆయన ఓపిగ్గా రెండుసార్లు చదివారు. సీసాను సాక్ష్యం సంచిలో వేసి, లక్క సీలు వేసి, తన బ్యాగులో పెట్టుకున్నారు. నా కార్డు అడిగి తీసుకుని, ఉద్యోగం కూడా ఈ క్షణంతో పోయిందని చెప్పారు.

"మీరు నేరం చేశారమ్మా."

"చేశానండి. వేళతో సహా రాశాను."

"నేరం ద్వారా వచ్చిన ఆధారాన్ని మండలి ఎలా తీసుకుంటుంది?"

"అయ్యా, ఇంకో దారి చట్టంలో ఉంటే చూపించండి. ఇప్పుడే వెనక్కి వెళ్లి ఆ దారిలో వస్తాను."

ఆయన పుస్తకం మళ్లీ తిరగేశారు. చివరికి, "ఒక్కసారి జరిగింది చాలదు. ఈ దినచర్యను ఆధారంగా తిరస్కరిస్తున్నాను," అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"సరేనండి. తిరస్కరిస్తే అదీ నిరాకరణే. రోగి ముందు చదవాలి."

"చదివించండి."

"నన్ను ఇప్పుడే ఉద్యోగంలోంచి తీశారు కదండీ. రాష్ట్రంలో చదువరిని నేనొక్కదాన్నే. చదువరి లేకపోతే కాదన్న మనిషే స్వయంగా వెళ్లాలి. నాలుగో ప్రకరణం."

ఆయన మొహం చూడాల్సిందే. కానీ మంచి మనిషి, చట్టం తప్పని మనిషి, నాలాంటి మనిషే. పెన్ను తీసి కాగితం రాసుకున్నారు. కోటు వేసుకుని బ్యాగు అందుకున్నారు.

రెండు గంటలకు మూడో సొరంగం చేరాం. చుక్కలు వేసి అప్పటికి ఆరు గంటలు. నూకరత్నం మంచం అంచున కాళ్లు కిందికి పెట్టి కూర్చుని ఉంది! అధ్యక్షుడిని చూసి లేవబోయింది.

"రాండి బాబూ, కూకోండి. వరాలూ, పెద్దాయనకి మంచినీళ్లియ్యి. నాలుగు నెల్లైందండి నాను మంచం మీంచి లేసి ఈ ఇంట్లో ఒకరికి కూకోమని..."

ఆ మాట అక్కడే తెగిపోయింది. పళ్లు కలిసిన చప్పుడు వచ్చింది. చాచిన చెయ్యి గాలిలోనే పిడికిలైంది. మనిషి పక్కకు ఒరిగిపోతే వరహాలు పట్టుకున్నాడు. ఈసారి ఆగలేదు, తిన్నగా ఛాతీకి వెళ్లింది. నోరు మూసి, ముక్కుపుటాలు పెద్దవై, ఊపిరి లోపలికి రావడం లేదు. కళ్లు భీమేశ్వరం గారి మీదే ఉన్నాయి.

ఆయన చేతిలో కాగితం ఉంది. చదవడం మొదలుపెట్టలేదు.

"ఏమైంది ఆమెకు? ఏమైందమ్మా?" అన్నారు.

"కళ్లారా చూస్తున్నారు కదండీ!" అని అరిచాను. మర్యాదా మన్ననా ఏమీ గుర్తులేదు. "మండలి ఉద్యోగే కదా మీరూ!"

భీమేశ్వరం గారు కాగితం కింద పడేశారు. బ్యాగు తెరిచి, సాక్ష్యం సంచి తీసి, తాను వేసిన లక్క సీలును తన పళ్లతో కొరికి తెంపారు. అరవై ఏళ్ల మనిషి, ఒక్క నిబంధన తప్పి ఎరుగని మనిషి, నేలమీద మోకాళ్లు ఆనించి, "ఎన్ని? ఎన్ని చుక్కలమ్మా? ఎక్కడ వేయాలి?" అని అడుగుతున్నారు. ఐదని చెప్పాను. బుగ్గ నేను లాగి పట్టుకున్నాను. ఆయన తొందరలో ఏడు వేశారు.

రెహానాను పిలిపించాం. మూతికి గాలి సంచి పెట్టి నొక్కుతూ ఆమె ఆ నిమిషాలు దాటించింది. అధ్యక్షుడు గడియారం చేత్తో పట్టుకుని వేళలు బయటికి చదువుతుంటే నేను రాశాను. ఇరవైరెండో నిమిషంలో ఛాతీ దానంతటది లేచింది. ఇరవైఎనిమిదిలో పిడికిలి విడింది. వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూశారు. నాకు ఇది రెండోసారి. అయినా నేనూ అలాగే చూశాను.

"మంచినీళ్లిచ్చేవేట్రా పెద్దాయనకి?" అంది నూకరత్నం, నోరు విడగానే.

దినం 240

ఇది నా చివరి పుట. చేతిరాత మారింది, గమనించే ఉంటారు. రాస్తున్నది నేను కాదు, నేను చెబుతుంటే నూకరత్నం రాస్తోంది. నా వేళ్లు ఇప్పుడు పెన్ను పట్టవు.

జాబితాలో ఇరవైమూడో జబ్బు చేరింది. మండలిలో ఏడుగురూ సంతకం పెట్టారు. భీమేశ్వరం గారు తాను సీలు తెంపిన సంగతి తన చేత్తోనే రాసి, అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఆ కాదన్న కాగితాన్ని ఆరుగురూ వెళ్లి ఆయన ముందు చదివి వచ్చారట. ఆధారం కోసం ఒకసారి మందు ఇచ్చి చూసే కొత్త నిబంధన కూడా రాస్తున్నారు. మూడో సొరంగంలో ఇదే జబ్బున్నవాళ్లు ఇంకా తొమ్మిదిమంది బయటపడ్డారు. ఇన్నాళ్లూ దరఖాస్తు పెట్టినా దండగేనని ఊరుకున్నారు.

నా కార్డు మాత్రం రద్దయింది. నేను ఇచ్చిన రోజుకు చట్టం అదే, దాన్ని నేను తప్పుపట్టను. పగలు ఎలాగో గడుస్తుంది, సాయంత్రమయ్యేసరికి కాళ్లు మండిపోతుంటే కేకలు వేయాలనిపిస్తుంది. వేస్తున్నాను కూడా. వీరత్వం ఏమీ లేదు. వరహాలు రోజూ చల్లటి తడిగుడ్డలు తెచ్చి చుడుతున్నాడు. నూకరత్నం పైకప్పు అతుకుల పనికి రోజుకు రెండు గంటలు వెళ్తోంది. అక్కడి నుంచి తిన్నగా ఇక్కడికి, మా ఇంటికి వస్తుంది.

ఈరోజు మేమిద్దరం నా దరఖాస్తు రాశాం. రద్దును తగ్గించి, కార్డు ముందుగా తిరిగి ఇవ్వమని అడగొచ్చు, ఎనిమిదో ప్రకరణంలో ఉంది. ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు.

"కాదంటే ఏటి సేత్తారమ్మా?" అంది నూకరత్నం. ఈ మాట కూడా అలాగే రాయమన్నాను.

"కాదంటే భీమేశ్వరం గారే వచ్చి చదవాలి. చదువరి ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. ఈ కాళ్లు చూస్తూ చదవమను, చూద్దాం."

ఆమె ఎంత నవ్విందో! ఆ నోరు అలా బార్లా తెరుచుకుని నవ్వుతుంటే నా మంట ఒక నిమిషం మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను.

దరఖాస్తు అంతా ఆమె రాసినా, సంతకం రోగే పెట్టాలి. పెన్ను నా వేళ్ల మధ్య నిలవలేదు, రెండుసార్లు జారింది. నూకరత్నం నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, వెల్డింగ్ పనిచేసే ఆ గట్టి వేళ్లతో నా వేళ్లను పెన్ను చుట్టూ మూసి పట్టుకుంది. సంతకం కాస్త వంకరగా వచ్చింది. చట్టప్రకారం చెల్లుతుంది.